రేషన్‌లో ఏం మారింది, ఏం మారలేదు: రెండు తెలుగు రాష్ట్రాల కార్డుదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

2025లో రెండు రాష్ట్రాల్లోనూ రేషన్ షాపు రూపు మారింది. తెలంగాణలో సంచిలోని బియ్యం మారితే, ఆంధ్రాలో వీధిలోకి వచ్చే బండి పోయి డిపో తిరిగొచ్చింది. మా వీధిలో కార్డు పనులకు ఫారాలు నింపిపెట్టే అలవాటు ఉండటంతో జనం నా దగ్గరికొచ్చి అడుగుతుంటారు. మొదట బియ్యం గురించే మొదలుపెడతారు. నాలుగు మాటలయ్యాక తేలేది మాత్రం పేరు సంగతి: కార్డులో ఎవరి పేరు ఉంది, ఎవరిది లేదు, ఎవరిది ఉండీ పనిచేయడం లేదు. అందుకే ఇక్కడ పేర్ల గొడవకే ఎక్కువ చోటిచ్చాను.

ఉచిత బియ్యం ఆపేస్తారని ఫోన్లలో తిరుగుతోంది. నిజమేనా?

కేంద్రం ఇచ్చే ఉచిత బియ్యాన్ని 2024 జనవరి 1 నుంచి అయిదేళ్లకు పొడిగించారు. అంటే 2028 డిసెంబరు దాకా నిర్ణయం ఉంది. ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన అని బోర్డు మీద కనిపించేది ఇదే.

ఈ పుకారు పుట్టడానికి కారణం లేకపోలేదు. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయల బియ్యం తెచ్చినప్పటి నుంచి మనకు ధర మారడం అలవాటే. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో అది రూపాయి అయింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం బియ్యానికి 3 రూపాయల ధర పెట్టినా, మన దగ్గర రూపాయికే ఇచ్చారు. కరోనా వచ్చాక 2020 ఏప్రిల్ నుంచి మామూలు కోటా మీద మనిషికి ఇంకో 5 కిలోలు ఉచితంగా కలిపారు. 2022 డిసెంబరుతో ఆ అదనపు కోటా ఆగింది, 2023 జనవరి నుంచి మామూలు కోటాయే ఉచితం అయింది. పథకం పేరు మాత్రం పాతదే ఉంచారు. కాగితం మీద ధర సున్నా అయింది, ఇంట్లో డబ్బా సగానికి తగ్గింది. ‘కోత కోశారు’ అన్న మాట అప్పుడు పుట్టి, ఏటా డిసెంబరులో మళ్లీ లేస్తుంది.

అసలు మనిషికి ఎన్ని కిలోలు రావాలి?

చట్టం ప్రకారం మామూలు కార్డు మీద నెలకు మనిషికి 5 కిలోలు. ఆంధ్రాలో అంతే ఇస్తారు. తెలంగాణ ప్రభుత్వం ఒక కిలో తన వైపు నుంచి కలిపి 6 కిలోలు ఇస్తుంది. అంత్యోదయ కార్డుకు మనుషుల లెక్క లేదు, కార్డుకు 35 కిలోలు.

ఈ 35 దగ్గర ఒక చిక్కుంది. ఒంటరి వృద్ధురాలికి అంత్యోదయ పెద్ద అండ. అదే కార్డు మీద ఎనిమిది మంది ఉంటే తలకు నాలుగున్నర కిలోలు కూడా రావు. పక్కింటి మామూలు కార్డుకు తెలంగాణలో ఎనిమిది మందికి 48 కిలోలు, ఆంధ్రాలో 40 కిలోలు వస్తాయి. పేదల్లో పేదలకని పెట్టిన కార్డు పెద్ద కుటుంబానికి తక్కువ తూగుతోందన్నమాట. ఇది డీలరు తప్పు కాదు. అతనితో పోట్లాడి లాభం లేదు.

తెలంగాణలో సన్నబియ్యం అందరికీ వస్తాయా, కొన్ని కార్డులకేనా?

కార్డున్న అందరికీ. 2025 మార్చి 30న, ఉగాది రోజు, హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఈ పథకం ప్రారంభించారు. ఏప్రిల్ 1 నుంచి షాపుల్లో ఇస్తున్నారు. అంతకుముందు ఇచ్చిన దొడ్డుబియ్యం చాలా ఇళ్లలో వండుకోకుండానే బయటికి పోయేవి, దాచుకోవడానికేం లేదు. ఇప్పుడు అదే ఇళ్లలో అన్నం ఉడుకుతోంది. నాకు తెలిసినంతలో ఈ పదేళ్లలో రేషన్‌లో వచ్చిన మంచి మార్పు ఇదే. సన్నవడ్లు పండించిన రైతుకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇవ్వడం దీనికి అవతలి కొస.

సన్నబియ్యం అన్నం ముద్ద అవుతోంది. కల్తీయా?

కొత్త బియ్యం అయి ఉంటాయి. కోసి, మర పట్టించి, నిల్వ కాకుండానే వచ్చిన బియ్యం నీళ్లు తక్కువ తాగుతాయి. ఎసరు తగ్గించండి. కడిగి నానబెట్టకుండా వెంటనే పెట్టండి, గంజి వారిస్తే ఇంకా మేలు. వీలైతే నెల రోజులు పక్కన పెట్టి పాత సంచి ముందు వాడుకోండి. ముక్కిపోయినా, పురుగు పట్టినా అది వేరే మాట. అప్పుడు షాపులోనే మార్చమని అడగాలి.

బియ్యంలో నీళ్లమీద తేలే గింజలున్నాయి. ప్లాస్టిక్ బియ్యమంటున్నారు.

ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి మళ్లీ గింజ ఆకారంలో చేస్తారు. 100 కిలోల బియ్యంలో కిలో చొప్పున కలుపుతారు. రక్తహీనత తగ్గించడానికని 2024 మార్చి నాటికి దేశమంతా రేషన్‌లో ఈ బలవర్ధక బియ్యమే ఇచ్చే దశకు తెచ్చారు. గింజ రంగు కొంచెం తేడాగా ఉంటుంది, తేలిక కాబట్టి కొన్ని తేలతాయి. ఓపిగ్గా కూర్చుని ఏరిపారేసే అత్తయ్యలను చూశాను. ఏరిపారేసేది మందునే.

ఆంధ్రాలో బండి ఎందుకు రావడం లేదు? డిపోకు ఎప్పుడు వెళ్లాలి?

2021 జనవరిలో మొదలైన ఎండీయూ వాహనాలను, అంటే ఇంటి దగ్గరికి సరుకు తెచ్చే 9,260 బండ్లను, 2025 జూన్ 1 నుంచి ఆపేశారు. ఇప్పుడు నెలలో 1 నుంచి 15వ తేదీ వరకు, ఉదయం 8 నుంచి 12 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా చౌక డిపోలోనే తీసుకోవాలి. ఆదివారమూ తెరుస్తారు.

బండి మంచిదా డిపో మంచిదా అని వాదించేవాళ్లు మా దగ్గర ఇంకా ఉన్నారు. బండి ఇంటి గుమ్మం దాకా వచ్చేదని కాగితం మీద ఉండేది, ఎక్కువచోట్ల వీధి చివర ఆగేది. ఆ గంటలో కూలికి వెళ్లినవాళ్లకు ఆ నెల పోయేది. డిపోకు పదిహేను రోజులు రెండు పూటలా వెసులుబాటు ఉంది. దూరంగా ఉన్న తండావాళ్లకు మాత్రం నడక మళ్లీ మొదలైంది.

మా అమ్మ నడవలేదు. ఆమె బియ్యం ఎవరు తెస్తారు?

కార్డులో ఉన్న ఎవరైనా ఒకరు వేలిముద్ర వేసి కుటుంబం మొత్తానిది తెచ్చుకోవచ్చు. అమ్మ ఒక్కతే కార్డులో ఉంటేనే ఇబ్బంది. ఆంధ్రాలో 65 ఏళ్లు దాటినవాళ్లకూ దివ్యాంగులకూ డీలరే ఇంటికి తెచ్చి ఇచ్చే ఏర్పాటు ఉంది. ముందు నెల చివరి రోజుల్లోనే వస్తారు. మీ డిపో జాబితాలో అమ్మ పేరు ఉందో లేదో ఒకసారి అడగండి. జాబితాలో లేకపోతే వాళ్లంతట వాళ్లు రారు.

స్మార్ట్ కార్డు రాలేదు. బియ్యం ఇవ్వరా?

ఇస్తారు. ఆంధ్రాలో 2025 ఆగస్టు 25 నుంచి క్యూఆర్ కోడ్ ఉన్న కొత్త బియ్యం కార్డులు పంచడం మొదలుపెట్టారు. ఏటీఎం కార్డంత ఉంటుంది, నాయకుల బొమ్మల్లేవు. అది చేతిలో లేకపోయినా కార్డు నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. కార్డు వచ్చాక అందులో పేర్లు, వయసు, ఇంటిపేరు అక్షరం అక్షరం చూసుకోండి. తప్పుంటే సచివాలయంలో దిద్దించుకోవాలి.

ప్రతి నెలా వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకుంటున్నాం. మళ్లీ ఈకేవైసీ ఏమిటి?

ఇక్కడే ఎక్కువమంది పడిపోతున్నారు. నెలనెలా ఒకరు వేసే వేలిముద్ర బియ్యం తీసుకున్నట్టు రుజువు. అది కార్డులోని మిగతా నలుగురి గురించి ఏమీ చెప్పదు. ఈకేవైసీ అంటే కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ, ఎవరి వేలు వాళ్లు, యంత్రం మీద పెట్టి ‘నేను ఉన్నాను’ అని చెప్పడం. ఇంటి యజమానురాలు ఇరవై నెలలుగా క్రమం తప్పక బియ్యం తెస్తున్నా, కొడుకు ఈకేవైసీ కాకపోతే ఏదో ఒక నెల అతని వాటా ఆగుతుంది. సంచి తేలికైందని అప్పుడు తెలుస్తుంది.

దీనికోసం ఊరికి రానక్కర్లేదు. బెంగళూరు హాస్టల్లో ఉన్న పిల్లవాడు అక్కడి రేషన్ షాపులోనే, ముంబయిలో ఉన్నవాళ్లు అక్కడే వేలిముద్ర వేయొచ్చు. డబ్బులు కట్టే పని లేదు. ముఖం చూపించి ఫోన్‌లోనే పూర్తి చేసే మేరా ఈకేవైసీ యాప్ కూడా కేంద్రం తెచ్చింది. అందులో మీ రాష్ట్రం పేరు కనిపిస్తే వాడుకోండి.

గడువులను ఇప్పటికే చాలాసార్లు పొడిగించారు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

చిన్నపిల్లలకూ చేయించాలా?

అయిదేళ్లలోపు పిల్లల ఆధార్‌లో వేలిముద్రలే ఉండవు, కాబట్టి అడగరు. అయిదేళ్లు నిండాక ముందు ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు ఎక్కించాలి, ఆ తర్వాత రేషన్ షాపులో ఈకేవైసీ. కేంద్రం 2025 జులైలో సవరించిన ఆదేశం ప్రకారం అయిదేళ్లు నిండిన ఏడాదిలోపు ఇది అయిపోవాలి. బడిలో చేర్చే హడావిడిలో అందరూ మరిచిపోయేది ఇదే. పదిహేనేళ్లకు ఆధార్‌లో వేలిముద్రలు మరోసారి మార్పించాలి. పదో తరగతి పిల్లల ముద్రలు యంత్రంలో కలవకపోవడానికి చాలాసార్లు కారణం అదే.

వేలిముద్ర పడటం లేదు. బట్టలు ఉతికి, బీడీలు చుట్టి వేళ్లు అరిగిపోయాయి.

చేయి కడిగి, తుడిచి, పదివేళ్లూ ప్రయత్నించమనండి. ఒక్క బొటనవేలితో ఆగిపోకూడదు. అదీ కాకపోతే కనుపాప చూసే పరికరం, ఆధార్‌కు ముడిపడ్డ ఫోన్‌కు వచ్చే ఓటీపీ వంటి దారులున్నాయి. అందుకే ఆధార్‌లో ఫోన్ నంబరు పాతది ఉంటే ఈ రోజే మార్పించండి. ఎప్పుడో పారేసిన సిమ్ నంబరు మీదకు ఓటీపీ పోతుంటే డీలరు మాత్రం ఏం చేస్తాడు? యంత్రం ఒప్పుకోలేదన్న ఒక్క కారణంతో ‘మీకు లేదు పో’ అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు. వెనక్కి పంపితే తేదీ రాసి పెట్టుకోండి. కింద ఫిర్యాదు గురించి చెప్పినప్పుడు అది పనికొస్తుంది.

ఆరు నెలలు బియ్యం తీసుకోకపోతే కార్డు రద్దవుతుందా?

వెంటనే రద్దు కాదు. 2025 జులై 22న కేంద్రం ఇచ్చిన సవరణ ఇలా చెబుతోంది: వరసగా ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపేస్తారు. తర్వాత మూడు నెలల్లో ఇంటికొచ్చి విచారించి, ఈకేవైసీ చేసి, అర్హులో కారో తేలుస్తారు. ఒకే మనిషి పేరు రెండు కార్డుల్లో కనిపించినా ఇలాగే తాత్కాలికంగా ఆపుతారు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు విడి కార్డు ఇవ్వరు. అయిదేళ్లకోసారి అర్హతల జాబితా సరిచూడాలి.

మధ్యతరగతిలో చాలామంది బియ్యం కోసం కాదు, ఆసుపత్రి పథకానికో ఫీజుల పథకానికో పనికొస్తుందని కార్డు పెట్టుకున్నారు. ఈ సవరణ దెబ్బ ముందు వాళ్లకే. కానీ వలస వెళ్లి ఏడు నెలలకు తిరిగొచ్చిన కూలీ కూడా అదే జల్లెడలో పడతాడు, నాకు భయం అతని గురించే. అలాంటివాళ్లకు దారి కింద ఉంది.

వేరే రాష్ట్రానికి పనికి వెళ్లాం. అక్కడ మన కార్డు చెల్లుతుందా?

చెల్లుతుంది. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పద్ధతిని మొట్టమొదట పరీక్షించింది మన దగ్గరే. 2019 ఆగస్టులో ఆంధ్ర-తెలంగాణ ఒక జంటగా, గుజరాత్-మహారాష్ట్ర మరో జంటగా మొదలుపెట్టారు. 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా పూర్తయింది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చిన తాపీమేస్త్రీ, పాలమూరు నుంచి ముంబయి వెళ్లిన కూలీ తమ కార్డు నంబరు చెప్పి, వేలిముద్ర వేసి అక్కడే తీసుకోవచ్చు. కుటుంబంలో సగం అక్కడ, సగం ఇక్కడ ఉంటే వాటాలు పంచుకోవచ్చు కూడా.

రెండు మెలికలున్నాయి. మొదటిది, వెంట వచ్చేది కేంద్రం వాటా మాత్రమే. తెలంగాణ కలిపే ఆరో కిలో, రాష్ట్రం సొంతంగా ఇచ్చే సరుకులు సరిహద్దు దాటవు. అక్కడ ఏ ధాన్యం ఇస్తే అది తీసుకోవాలి. ఉత్తరాదిలో గోధుమలు చేతిలో పెడతారు.

రెండోది పెద్దది. కార్డులన్నీ ఒకటి కావు. కేంద్రం మన రాష్ట్రాలకు లెక్కగట్టిన మనుషుల సంఖ్య 2011 జనాభా లెక్కల మీద ఆధారపడింది: ఆంధ్రాకు సుమారు 2.68 కోట్లు, తెలంగాణకు సుమారు 1.91 కోట్లు. రెండు ప్రభుత్వాలూ అంతకన్నా చాలా ఎక్కువ మందికి కార్డులిచ్చి, ఆ మిగతావాళ్ల ఖర్చు తామే భరిస్తున్నాయి. ఊళ్లో ఇద్దరి సంచీ ఒకటే కాబట్టి తేడా తెలియదు. పొరుగు రాష్ట్రంలో యంత్రం ముందు నిలబడ్డాకే ఒకరి కార్డు పలుకుతుంది, రెండోవారిది పలకదు. వెళ్లేముందే మేరా రేషన్ యాప్‌లో చూసుకోండి, లేదా డీలరును ‘ఇది కేంద్రం కార్డా, రాష్ట్రం కార్డా’ అని సూటిగా అడగండి.

రాష్ట్రం లోపలైతే ఈ బాధ లేదు. ఏ ఊళ్లో ఏ షాపుకైనా వెళ్లొచ్చు.

కోడలి పేరు ఎక్కించాలి. పుట్టింటి కార్డులో ఉంది. ఏం చేయాలి?

ముందు పుట్టింటి కార్డులోంచి తీయించాలి. అక్కడ ఉండగా ఇక్కడ దరఖాస్తు పెడితే రెండు చోట్లా పేరుందని కంప్యూటర్ తిప్పికొడుతుంది. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రాలో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయాలి. ఆంధ్రాలో 21 రోజుల్లో తేల్చాలన్నది నియమం. పెళ్లి ధ్రువపత్రం తప్పనిసరి కాదని అక్కడి పౌర సరఫరాల మంత్రి నాదెండ్ల మనోహర్ 2025 మేలో చెప్పారు. తెలంగాణలో ఏళ్ల తరబడి పెండింగులో పడిన పేర్లు, కొత్త కార్డులు 2025లో కదిలాయి. జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో పంపిణీ మొదలైంది.

తీయించిన నెలకూ ఎక్కించిన నెలకూ మధ్య ఆమె వాటా ఎక్కడా రాదు. పుట్టింటివాళ్లు, మెట్టినింటివాళ్లు ఒక మాట అనుకుని ఒకేసారి కదిలితే ఆ నష్టం ఒక నెలతో పోతుంది. ‘మా కార్డులోంచి తీయం, బియ్యం తగ్గుతాయి’ అని పుట్టింట్లో బిగుసుకున్న సంగతులూ విన్నాను. ఆ పంచాయితీకి ఫారం లేదు.

అన్నట్టు, 2013 ఆహార భద్రతా చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దావిడే కార్డుకు యజమాని. కొడుకు పేరున రాయమని అడిగేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఎంత ఆదాయం దాటితే కార్డు పోతుంది?

తెలంగాణలో ఏడాదికి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు హద్దు. భూమి మూడున్నర ఎకరాల తరి (మాగాణి) లేదా ఏడున్నర ఎకరాల కుష్కి (మెట్ట). ఆంధ్రాలో నెలకు పల్లెల్లో 10 వేలు, పట్టణాల్లో 12 వేలు. భూమి 3 ఎకరాల మాగాణి లేదా 10 ఎకరాల మెట్ట. అక్కడ నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు, కారు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను కూడా చూస్తారు. టాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మినహాయింపు ఉంది. ఒకే మీటరు మీద మూడు కుటుంబాలు అద్దెకుంటే యూనిట్లు దాటడం వింతేమీ కాదు. అలా పేరు పోతే అద్దె కాగితం పట్టుకుని అభ్యంతరం పెట్టుకోండి.

మిగిలిన బియ్యం అమ్ముకుంటే తప్పా?

తప్పే. నిత్యావసర వస్తువుల చట్టం, 1955 కింద కేసు పెడతారు. శిక్ష ఏడేళ్ల దాకా ఉండొచ్చు. కార్డూ పోవచ్చు. కిలోకు పది పన్నెండు రూపాయలిచ్చి కొనేవాడు మర పట్టించి, సంచి మార్చి ఎక్కడికో పంపుతాడు. 2024 నవంబరులో కాకినాడ రేవులో రేషన్ బియ్యం గొడవ ఓడ దాకా వెళ్లడం అందరూ టీవీలో చూశారు. పట్టుబడేది మాత్రం ఎక్కువగా వీధిలో సైకిల్ మీద తిరిగేవాడు.

తూకం తక్కువ వస్తోంది, లేదా సరుకు లేదన్నారు. ఎవరికి చెప్పాలి?

ముందు యంత్రంలోంచి వచ్చే చీటీ అడిగి తీసుకోండి. ఎన్ని యూనిట్లు (అంటే ఎంతమంది పేర్లు), ఎన్ని కిలోలు అందులో ఉంటుంది. కాటా మీద అంకె చీటీతో కలవాలి, సంచి బరువు బియ్యంలో కలపకూడదు. చీటీలోనే యూనిట్లు తగ్గితే డీలరు దోషం కాదు, పేరు ఎక్కడో ఆగింది, ఈకేవైసీ చూడండి. చీటీలో సరిగ్గా ఉండి సంచిలో తగ్గితే అది తూకం మోసం. ఈ తేడా తెలియకనే సగం తగాదాలు.

ఫిర్యాదుకు 1967కు ఫోన్ చేయొచ్చు, ఉచితం. రాతపూర్వకంగా అయితే తహసీల్దారు కార్యాలయంలో, ఆ తర్వాత జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఇవ్వాలి. అక్కడా తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. ఇవి రెండూ 2013 చట్టంలోనే ఉన్నవి. హక్కున్నా ధాన్యం ఇవ్వలేకపోతే ఆ నెలకు ఆహార భద్రతా భత్యంగా డబ్బు చెల్లించాలని 8వ సెక్షన్ చెబుతోంది. దాన్ని అందుకున్నవాళ్లెవరూ నాకు ఇంతవరకు తారసపడలేదు, అయినా దరఖాస్తులో ఆ సెక్షన్ నంబరు రాయండి. నంబరు కనపడితే కాగితానికి రసీదు ముద్ర పడుతుంది. ఆ రసీదు, చీటీ, వెనక్కి పంపిన తేదీ మూడూ ఒకే కవరులో దాచుకోండి.